నియోజకవర్గాల పునర్విభజన: లెక్క ఎలా వేస్తారు, గీత ఎలా గీస్తారు, మనం ఎప్పుడు మాట్లాడాలి

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి మల్కాజిగిరిలో ఓటర్లు 37 లక్షలు దాటారు. అదే తెలంగాణలో మహబూబాబాద్‌లో 15 లక్షల పైచిలుకు ఉన్నారు. ఇద్దరు ఎంపీలకూ లోక్‌సభలో ఒక్కో ఓటే. అంటే మల్కాజిగిరి ఓటరు మాట బరువు మహబూబాబాద్ ఓటరు మాటలో సగం కూడా లేదు. దీన్ని ఎవరూ కుట్ర చేసి తేలేదు. ఆ హద్దులు 2001 జనాభా లెక్కల మీద గీసినవి, 2008లో అమల్లోకి వచ్చినవి. ఆ తర్వాత హైదరాబాద్ చుట్టూ ఊళ్లకు ఊళ్లు వెలిశాయి, గీతలు మాత్రం కదల్లేదు.

వాటిని కదిలించే పనే పునర్విభజన. పేపర్లలోనూ టీవీల్లోనూ డీలిమిటేషన్ అంటున్నది దీన్నే. దాని మీద చర్చంతా మన రాష్ట్రానికి ఎన్ని సీట్లు వస్తాయన్న దగ్గరే ఆగిపోతోంది. మీ మండలం ఏ నియోజకవర్గంలో పడుతుంది, అది జనరల్‌గా ఉంటుందా రిజర్వు అవుతుందా, మీ ఊరికి ఎమ్మెల్యే ఆఫీసు ఎంత దూరమవుతుంది అనేవి తేలేది మాత్రం ఊరి స్థాయి లెక్కల్లో. సర్పంచులు, కుల సంఘాల పెద్దలు, పార్టీ కార్యకర్తలు, ఊరి గురించి పట్టించుకునే యువకులు ఈ పద్ధతిని ముందే తెలుసుకుని సిద్ధంగా ఉండాలన్నదే నా తపన. ఎందుకంటే మనం మాట్లాడటానికి చట్టం ఇచ్చే వ్యవధి చాలా చిన్నది.

మొదటి మెట్టు: రెండు పనులను విడదీసి చూడండి

పునర్విభజనలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లు, ఏ అసెంబ్లీకి ఎన్ని సీట్లు అన్నది తేల్చడం. రెండోది, ఆ సీట్ల సంఖ్యను అలాగే ఉంచి రాష్ట్రం లోపల హద్దులు మార్చడం. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే సగం గొడవ.

రాజ్యాంగంలోని 82వ అధికరణ ప్రకారం ప్రతి జనగణన తర్వాత లోక్‌సభ సీట్లను సర్దాలి. అసెంబ్లీలకు ఇదే మాట 170వ అధికరణ చెబుతుంది. మొదట్లో అలాగే జరిగింది. 1952, 1963, 1973లలో కమిషన్లు వేశారు. ఆ సర్దుబాట్లలో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ సీట్లు 1962లో 43 ఉన్నవి 1967కు 41 అయ్యాయి, 1977కు 42 అయ్యాయి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ మొదటి పనికి తాళం వేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదని 1971 జనాభా లెక్కలనే ఆధారంగా ఉంచింది. 84వ సవరణ ఆ తాళాన్ని 2026 తర్వాత జరిగే తొలి జనగణన గణాంకాలు వెలువడే దాకా పొడిగించింది. జనగణన ప్రకటన ప్రకారం రాబోయే లెక్కకు ప్రమాణ తేదీ, అంటే ఏ రోజు నాటి జనాభాను లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీ, 2027 మార్చి 1. మంచు కురిసే ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబరు 1.

రెండో పనికి మాత్రం 84, 87 సవరణలు దారి వదిలాయి. సీట్ల సంఖ్య ముట్టుకోకుండా 2001 లెక్కలతో లోపలి హద్దులు మార్చుకోనిచ్చాయి. మనం ఇప్పుడు ఓటేస్తున్న నియోజకవర్గాలు అలా పుట్టినవే. నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ఉత్తరాది, దక్షిణాది సీట్ల తగాదా నిజమైనది, తేలడానికి సమయం పట్టేది. మల్కాజిగిరి అన్యాయానికి మాత్రం ఆ తగాదా తెగేదాకా ఆగాల్సిన అవసరం లేదు. రాష్ట్రం లోపలి హద్దులను విడిగా సవరించవచ్చని 2002 చట్టం కింద జరిగిన ఆ కసరత్తే నిరూపించింది.

సీట్ల తగాదా ఎంత బరువైనదో తెలియాలంటే చిన్న లెక్క చాలు. 2011లో దేశ జనాభా 121 కోట్లు. దాన్ని 543తో భాగిస్తే సీటుకు సుమారు 22.3 లక్షలు. ఆ లెక్కన 4.95 కోట్ల ఆంధ్రప్రదేశ్‌కు 22, మూడున్నర కోట్ల తెలంగాణకు 16 వస్తాయి. ఇప్పుడున్నవి 25, 17. ఉత్తరప్రదేశ్‌కు 80 కాస్తా 90 అవుతాయి, కేరళకు 20 కాస్తా 15 అవుతాయి. మొత్తం సీట్లు పెంచి ఎవరి సంఖ్యా తగ్గకుండా చూసినా, సభలో మన వాటా తగ్గుతుందా లేదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎవరైనా నాయకుడు "మీకు ఒక్క సీటు కూడా తగ్గదు" అంటే, వాటా ఎంత శాతం అవుతుందో కూడా అడగండి.

అసెంబ్లీ సీట్ల పెంపు మీద మన రెండు రాష్ట్రాల్లో ఆశలు చాలా కాలంగా ఉన్నాయి. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌కు 175 నుంచి 225, తెలంగాణకు 119 నుంచి 153 అని రాసింది. కానీ ఆ సెక్షన్‌లోనే "170వ అధికరణకు లోబడి" అన్న షరతు ఉంది. అందుకే 2025 జులైలో సుప్రీంకోర్టు ఈ పెంపు కోరిన పిటిషన్‌ను కొట్టేసింది. జమ్మూకశ్మీర్‌కు 2022లో 83 నుంచి 90కి పెంచారు కదా అన్న వాదన కూడా నిలవలేదు. అది కేంద్రపాలిత ప్రాంతం, దానికి 170వ అధికరణ వర్తించదు.

రెండో మెట్టు: గీసేది ఎవరో తెలుసుకోండి

ఈ పని అసెంబ్లీ చేయదు, ముఖ్యమంత్రి చేయరు, కలెక్టర్ అసలే చేయరు. పార్లమెంటు ఒక చట్టం చేస్తుంది, దాని కింద కమిషన్ ఏర్పడుతుంది. 2002 చట్టం ప్రకారం కమిషన్‌కు అధ్యక్షుడు సుప్రీంకోర్టులో పనిచేస్తున్న లేదా పనిచేసిన న్యాయమూర్తి. మిగతా ఇద్దరిలో ఒకరు ప్రధాన ఎన్నికల కమిషనర్ లేదా ఆయన నామినేట్ చేసిన కమిషనర్, మరొకరు ఆ రాష్ట్ర ఎన్నికల కమిషనర్. ఆనాటి కమిషన్‌కు జస్టిస్ కుల్దీప్ సింగ్ నాయకత్వం వహించారు.

కమిషన్‌కు తోడుగా ప్రతి రాష్ట్రం నుంచి పదిమంది అసోసియేట్ సభ్యులుంటారు: అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు. వీళ్లు చర్చలో పాల్గొంటారు, సలహా ఇస్తారు. ఓటు వేయలేరు, ఉత్తర్వు మీద సంతకం పెట్టలేరు. కానీ తమ అసమ్మతిని రాతపూర్వకంగా ఇస్తే దాన్ని ముసాయిదాతో పాటే ప్రచురించాలి. కాబట్టి మీ ప్రాంతానికి దగ్గరగా ఉన్న అసోసియేట్ సభ్యుడు ఎవరో పేర్లు ప్రకటించిన రోజే రాసిపెట్టుకోండి. ముసాయిదా బయటికి రాకముందే మీ మాట లోపలికి చేరడానికి ఉన్న దారి వాళ్లే.

మూడో మెట్టు: లెక్క మీరే వేసి చూడండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. మన చేతికి బలం ఇచ్చే భాగం ఇదే.

2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7,62,10,007. అసెంబ్లీ సీట్లు 294. భాగిస్తే సీటుకు 2,59,218. రాష్ట్ర సగటు అంటే ఇదే. ఒక జిల్లా జనాభాను ఈ సగటుతో భాగిస్తే ఆ జిల్లాకు ఎన్ని సీట్లో వస్తుంది. ఖమ్మం జిల్లా జనాభా 25,78,927. భాగిస్తే 9.95, అంటే 10. అనంతపురం 36,40,478. భాగిస్తే 14.04, అంటే 14. గుంటూరు 44,65,144. భాగిస్తే 17.2, అంటే 17. అంతకుముందు గుంటూరు జిల్లాలో 19 సీట్లుండేవి. దుగ్గిరాల, కూచినపూడి నియోజకవర్గాలు మాయమైంది ఈ లెక్కలోనే. రంగారెడ్డికి 13.8 వచ్చింది, 14 సీట్లు దక్కాయి. ఎల్బీనగర్, ఉప్పల్, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి కొత్తగా వచ్చాయి. జనం ఎక్కడికి వెళ్లారో సీట్లూ అక్కడికే వెళ్లాయి.

ఒక్కో నియోజకవర్గం కచ్చితంగా 2,59,218 దగ్గరే ఆగనక్కర్లేదు. సగటుకు 10 శాతం అటూ ఇటూ ఉండొచ్చని ఆనాటి కమిషన్ మార్గదర్శకం పెట్టుకుంది. అంటే సుమారు 2.33 లక్షల నుంచి 2.85 లక్షల వరకు. ఈ 10 శాతం పరిధిని గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

రిజర్వుడ్ సీట్ల సంఖ్య కూడా ఇలాంటి భాగహారమే. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు 16.19 శాతం. 294లో 16.19 శాతం అంటే 47.6, కాబట్టి 48 సీట్లు. ఎస్టీలు 6.59 శాతం, లెక్క 19.4, కాబట్టి 19 సీట్లు. రాష్ట్రం విడిపోయాక ఆ 48లో 29 ఆంధ్రప్రదేశ్‌కు, 19 తెలంగాణకు వెళ్లాయి. 19 ఎస్టీ సీట్లలో 7 ఆంధ్రప్రదేశ్‌కు, 12 తెలంగాణకు వెళ్లాయి.

ఏ సీటు రిజర్వు అవుతుందన్న దాంట్లో ఎస్సీ, ఎస్టీలకు తేడా ఉంది. ఎస్టీ సీట్లు రాష్ట్రంలో వాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట్లకే వెళ్తాయి. ఎస్సీ సీట్లను మాత్రం రాష్ట్రంలోని వేర్వేరు భాగాలకు పంచాలి. ఆ పంపకంలోనే వాళ్ల శాతం ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలను ఎంచుకోవాలి. "మా దగ్గర ఎస్సీలు పక్క జిల్లా కంటే ఎక్కువ, అయినా మాది జనరల్ ఎందుకైంది" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

నాలుగో మెట్టు: గీత ఎలా నడుస్తుందో చూడండి

చట్టం చెప్పే కొలబద్దలు తక్కువే. నియోజకవర్గం వీలైనంత వరకు చెల్లాచెదురుగా కాకుండా ఒక్కచోట కుదురుగా ఉన్న ప్రాంతంగా ఉండాలి. కొండలు, నదులు, ఇప్పటికే ఉన్న పరిపాలనా హద్దులు, రాకపోకల వసతి, జనం సౌకర్యం చూడాలి. ప్రతి అసెంబ్లీ సెగ్మెంటు మొత్తంగా ఒకే లోక్‌సభ స్థానంలో ఉండాలి. మన దగ్గర లోక్‌సభ స్థానానికి సరిగ్గా ఏడు సెగ్మెంట్లు: 25 ఏడులు 175, 17 ఏడులు 119.

జిల్లా హద్దు దాటకుండా మండలాలను ఒకదాని పక్కన ఒకటి చేర్చుకుంటూ సగటు దగ్గరికి వస్తారు. మండలం మొత్తం చేరిస్తే ఎక్కువై, వదిలేస్తే తక్కువైతే మండలాన్నే చీల్చి గ్రామాల పేర్లు రాస్తారు. పట్టణాల్లో ఆ పని వార్డులతో జరుగుతుంది. నంబర్లు రాష్ట్రం ఉత్తరపు కొస నుంచి మొదలై వంకరటింకరగా కిందికి దిగుతాయి. అందుకే తెలంగాణలో సిర్పూర్ 1, ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్ఛాపురం 1, చిట్టచివర కుప్పం 175. జిల్లాలో ఒక చివర నుంచి నింపుకుంటూ వచ్చినప్పుడు రెండో చివర మిగిలిన మండలాలు ఎలా ఉంటే అలా కలిసే ప్రమాదం ఉంది. మీ మండలం జిల్లా అంచున ఉంటే మరింత అప్రమత్తంగా ఉండండి.

కొలబద్దలు ఒకదానితో ఒకటి ఎలా పోట్లాడతాయో చూడాలంటే అరకు లోక్‌సభ స్థానం చాలు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం. ఆనాటి నాలుగు జిల్లాల ఏజెన్సీ అంచులను కలిపి కుట్టిన స్థానం ఇది. గిరిజనుల శాతం ఎక్కువ ఉన్న చోటే ఎస్టీ సీటు ఉండాలన్న నియమం అక్కడ నెగ్గింది. రాకపోకల సౌకర్యం ఓడింది. పాలకొండ నుంచి రంపచోడవరం వరకు ఒక్క ఎంపీ తిరగడం ఎంత కష్టమో ఆ కొండదారులు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా గిరిజనులకు సొంత గొంతు ఇచ్చినందుకు ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. ఎంపీకి అక్కడ అదనపు కార్యాలయాలు, సిబ్బంది ఇవ్వాలన్నది వేరే డిమాండు, అది గట్టిగానే పెట్టాలి.

ఈసారి మన రెండు రాష్ట్రాల్లో కొత్త చిక్కు ఒకటి ఉంది. 2008 గీతలు పాత జిల్లాల లోపల గీసినవి. ఆ తర్వాత తెలంగాణలో జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. స్టేషన్ ఘన్‌పూర్ సెగ్మెంటు ఇప్పుడు జనగామ, హనుమకొండ జిల్లాల మధ్య చీలి ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లి రంపచోడవరం, పోలవరం సెగ్మెంట్లలో కలిశాయి. కొత్త పునర్విభజన కొత్త జిల్లా హద్దులను పట్టుకుంటే, చిన్న జిల్లాల్లో భాగహారం శేషాలు పెద్దవవుతాయి. ఉదాహరణకు లెక్క 3.5 వచ్చిన జిల్లాకు మూడు సీట్లిచ్చినా నాలుగిచ్చినా 10 శాతం పరిధిలో ఇమడదు. అలాంటి చోట జిల్లా హద్దు దాటక తప్పదు. మీ జిల్లాకు వచ్చే దశాంశ సంఖ్యను జనాభా లెక్కలు రాగానే ముందుగా చూసుకోవాల్సింది ఇందుకే.

అయిదో మెట్టు: ముసాయిదా రాకముందే మూడు కాగితాలు సిద్ధం చేసుకోండి

ముసాయిదా వచ్చాక పరుగులు పెడితే గడువు సరిపోదు. ముందే ఇవి చేతిలో ఉండాలి.

మొదటిది, జనగణన శాఖ ఇచ్చే ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్‌లో మీ మండలం, చుట్టుపక్కల అయిదారు మండలాల గ్రామాల పట్టిక. అందులో ప్రతి గ్రామానికీ మొత్తం జనాభా, ఎస్సీలు, ఎస్టీల అంకెలుంటాయి. ఓటర్ల జాబితా అంకెలు పట్టుకుని వెళ్లకండి, పునర్విభజనకు ఆధారం జనాభాయే తప్ప ఓటర్లు కాదు. రెండోది, మండలాల హద్దులున్న జిల్లా మ్యాపు. దాని మీద ఇప్పటి సెగ్మెంటు హద్దును ఒక రంగుతో గీయండి. మూడోది, 2008 ఉత్తర్వులో మీ సెగ్మెంటు వివరణ. ఏ మండలాలు పూర్తిగా, ఏ మండలంలో ఏ గ్రామాలు అన్నది అందులో పేరు పేరునా ఉంటుంది.

తర్వాత మీ సొంత ప్రతిపాదన తయారు చేయండి. మీ ఊరిని ఒక సెగ్మెంటు నుంచి మరో దాంట్లోకి మార్చమంటే, పోయేచోట ఎంత తగ్గుతుందో, చేరేచోట ఎంత పెరుగుతుందో రెండూ లెక్కేయండి. రెండు సెగ్మెంట్లూ 10 శాతం పరిధిలో ఉండాలి. ఒక వైపు పాడైతే దానికి బదులుగా ఏ గ్రామాలు అటు ఇవ్వాలో కూడా మీరే చెప్పండి.

ఆరో మెట్టు: అభ్యంతరం రాయడం

కమిషన్ ముసాయిదాను కేంద్ర, రాష్ట్ర గెజిట్లలో ప్రచురించి ఒక తేదీ ప్రకటిస్తుంది. ఆ తేదీలోపు వచ్చిన అభ్యంతరాలు, సూచనలే లెక్కలోకి వస్తాయి. ఎవరైనా ఇవ్వొచ్చు. లాయరు అక్కర్లేదు, పార్టీ అక్కర్లేదు.

ఒక్క పేజీలో ఇలా రాస్తే చాలు:

"అయ్యా, మాది ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామం. ముసాయిదాలో మా గ్రామాన్ని ఫలానా నియోజకవర్గంలో చేర్చారు. మా గ్రామ జనాభా ఇంత, అందులో ఎస్సీలు ఇంత, ఎస్టీలు ఇంత. మా మండలంలోని మిగతా గ్రామాలన్నీ పక్క నియోజకవర్గంలో ఉన్నాయి. మా తహసీల్దార్ కార్యాలయం, పోలీస్ స్టేషన్, ఆస్పత్రి అటువైపే ఉన్నాయి. ఇటువైపు వెళ్లాలంటే వాగు దాటాలి, నేరుగా బస్సు లేదు. మా గ్రామాన్ని మార్చి, దానికి బదులుగా ఫలానా గ్రామాన్ని ఇటు చేరిస్తే రెండు నియోజకవర్గాల జనాభా ఇంత, ఇంత అవుతుంది. రెండూ పరిమితిలోనే ఉంటాయి. మ్యాపు, జనాభా పట్టిక జతచేశాం."

గ్రామసభ తీర్మానం జతచేస్తే ఇంకా మంచిది. వందమంది సంతకాలతో వంద విడివిడి కాగితాలు పంపేకంటే, అందరి సంతకాలతో లెక్క సరిగ్గా ఉన్న ఒక్క కాగితం మేలు. మా ఎమ్మెల్యే గెలవడు, మా కులం బలం తగ్గుతుంది, మా నియోజకవర్గానికి చరిత్ర ఉంది వంటి మాటలకు చట్టంలో చోటు లేదు. రిజర్వేషన్ మీద అభ్యంతరమైతే శాతాల పట్టికతోనే మాట్లాడాలి.

ఏడో మెట్టు: బహిరంగ విచారణకు వెళ్లండి

గడువు ముగిశాక కమిషన్ రాష్ట్రంలో ఒకటో రెండో చోట్ల బహిరంగంగా కూర్చుంటుంది. ఎన్ని చోట్ల కూర్చోవాలన్నది కమిషన్ ఇష్టం, చట్టం "ఒకటి లేదా అంతకంటే ఎక్కువ" అని మాత్రమే అంటుంది. ఇది నాకు మింగుడుపడని విషయం. ఆసిఫాబాద్ కొండల్లోంచి, సీలేరు నుంచి కూలి మానుకుని నగరానికి వచ్చి నిమిషం రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లమంటే ఎంతమంది రాగలరు? కొత్త చట్టం చేసేటప్పుడు ప్రతి ఉమ్మడి జిల్లాలో ఒక విచారణ తప్పనిసరి చేయాలని మన ఎంపీలను ఇప్పుడే అడగాలి. ముసాయిదాను గ్రామాల పేర్లతో సహా తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలని కూడా అడగాలి. తుది ఉత్తర్వును జిల్లా ఎన్నికల అధికారి తన కార్యాలయంలో అంటించాలని 2002 చట్టం చెప్పింది కానీ, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది.

వెళ్లేవాళ్లు ఒక్కరినే మాట్లాడనివ్వండి. గ్రామం పేరు, కోరిక, రెండు అంకెలు, మ్యాపు. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ కొద్ది సమయాన్ని దానికి ఖర్చు చేయకండి.

ఎనిమిదో మెట్టు: తుది ఉత్తర్వు, ఆ తర్వాత

తుది ఉత్తర్వు గెజిట్‌లో వచ్చాక దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. లోక్‌సభ ముందు, అసెంబ్లీ ముందు పెడతారు కానీ వాళ్లు ఒక్క అక్షరం మార్చలేరు. 329వ అధికరణ కోర్టుల జోక్యాన్ని అడ్డుకుంటుంది. 1966లో మేఘరాజ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఉత్తర్వు పూర్తిగా ఇష్టారాజ్యంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే కోర్టులు చూడొచ్చని 2024లో ఒక చిన్న తలుపు తెరిచింది. ఆ తలుపు మీద ఆశ పెట్టుకుని ఆరో మెట్టును వదిలేయకండి.

కొత్త హద్దులు వచ్చే సాధారణ ఎన్నికల నుంచి అమలవుతాయి. ఉన్న సభ పదవీకాలం మధ్యలో ఆగదు, ఆలోగా ఉప ఎన్నిక వస్తే పాత హద్దులతోనే జరుగుతుంది. 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చిన ఉత్తర్వు మన దగ్గర 2009 ఎన్నికల్లో పూర్తిగా కనిపించింది. అప్పుడు హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం లోక్‌సభ స్థానాలు పోయాయి. మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి, జహీరాబాద్, మహబూబాబాద్, విజయనగరం, అరకు వచ్చాయి. మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 106వ సవరణ కూడా, 2023లో రాసిన ప్రకారం, జనగణన తర్వాతి పునర్విభజనతోనే ముడిపడి ఉంది. కాబట్టి మీ సెగ్మెంటు విషయంలో ఎస్సీనా ఎస్టీనా అన్నదొక్కటే కాదు, మహిళా సీటా అన్నది కూడా చూసుకోవాలి.

ఓటర్ల జాబితా కొత్త హద్దులకు తగ్గట్టు మారుతుంది. నియోజకవర్గం నంబరు, పార్ట్ నంబరు, పోలింగ్ కేంద్రం అన్నీ మారొచ్చు. కొత్త ముసాయిదా జాబితా రాగానే బూత్ లెవల్ అధికారి దగ్గర మీ ఇంటి పేర్లన్నీ చూసుకోండి, ముఖ్యంగా చీలిన మండలాల్లోని అంచు గ్రామాల వాళ్లు. ఉత్తర్వులో మీ ఊరి పేరు అచ్చుతప్పుగా పడినా, రెండు చోట్ల పడినా, అసలే పడకపోయినా వెంటనే ఎన్నికల సంఘానికి రాయండి. అచ్చు తప్పులు దిద్దే అధికారం దానికుంది, గీత మార్చే అధికారం లేదు.